తీర్పరి ముందుగా తెరవాల్సింది నోట్‌బుక్: జిల్లా విద్యాశాఖాధికారులకు, జిల్లా సైన్స్ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల జిల్లా విద్యాశాఖాధికారులకు, జిల్లా సైన్స్ అధికారులకు నమస్కారం.

ఈ విద్యా సంవత్సరపు జిల్లా సైన్స్ ప్రదర్శనకు సర్క్యులర్ బడులకు వెళ్లకముందే మీకు చేరాలని ఈ లేఖ రాస్తున్నాం. మన ప్రదర్శనల్లో బల్లమీద కనబడే వస్తువుకు బహుమతి వస్తోంది. దాని వెనక పిల్ల ఏం కొలిచింది, ఎన్నిసార్లు కొలిచింది, ఎక్కడ తేడా వచ్చింది అన్నవాటికి మార్కులు లేవు. దీన్ని సరిచేయడానికి కొత్త నిధులు అక్కర్లేదు. మార్కుల పట్టిక, తీర్పరుల టైమ్‌టేబుల్, ప్రశంసాపత్రం మీది వాక్యం, ఈ మూడూ మారిస్తే చాలు. మూడూ మీ చేతిలోనే ఉన్నాయి.

ఇప్పుడు తీర్పరుల చేతికొచ్చే పట్టికలో సృజన, కొత్తదనం, శాస్త్రీయ ఆలోచన, పనితనం, సమాజానికి ఉపయోగం, తక్కువ ఖర్చు, వివరణ లాంటి వరసలు ఉంటాయి. బడిపిల్లల కొత్త ఆలోచనలకు సాయమిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్-మానక్‌లో కొత్తదనం, సామాజిక ఉపయోగం, పర్యావరణానికి మేలు, వాడుకలో సౌలభ్యం, ఇప్పటికే ఉన్నవాటికంటే ఏ విధంగా మెరుగు అన్నవి చూస్తారు. వీటిలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ మూడు నిమిషాల్లో వీటన్నిటికీ మార్కులు వేయమంటే తీర్పరి వేసేది పనితనానికీ ధారాళంగా మాట్లాడటానికీ మాత్రమే. పనితనం కొనుక్కోవచ్చు. హైదరాబాద్ కోఠి గల్లీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ స్మార్ట్ డస్ట్‌బిన్, అంధులకు చేతికర్ర, గ్యాస్ లీకు అలారం, తేమను బట్టి నడిచే నీటి మోటారు అన్నీ కూర్చిపెట్టి అమ్ముతారు. మాటలు బట్టీ పట్టొచ్చు. కొనలేని ఊరిబడి పిల్లలు థర్మాకోల్, చార్టులతో వస్తారు, పార్టిసిపేషన్ సర్టిఫికెట్‌తో తిరిగి వెళతారు.

రెడీమేడ్ కిట్లు నిషేధించమని మేం అడగడం లేదు. నిషేధిస్తే పెట్టె విప్పి స్టిక్కర్లు చించి తెస్తారు, అంతే. ప్రోగ్రామ్ రాసి సెన్సర్లను, మోటార్లను నడిపించే ఆర్డ్యూయినో బోర్డును ఏ పిల్లాడూ ఇంట్లో తయారుచేయలేడు, చేయక్కర్లేదు కూడా. కొన్న వస్తువుతో ఏం కనుక్కున్నారన్నదే అడగాల్సిన ప్రశ్న. ఏటా వచ్చే నాలుగైదు ప్రాజెక్టులతోనే ఇది ఎలా అడగాలో వివరిస్తాం. తీర్పరుల శిక్షణకు వీటినే వాడుకోవచ్చు.

ముందు నేల తేమ సెన్సర్. రెండు కాళ్లున్న ఫోర్కులాంటి చౌక సెన్సర్ నిజానికి నీటిని కొలవదు, రెండు కాళ్ల మధ్య మట్టిలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. ఇక్కడే మూడు చిక్కులున్నాయి. ఒకటి, డీసీ కరెంటు ఆగకుండా ఇస్తే విద్యుద్విశ్లేషణ జరిగి పాజిటివ్ వైపు కాలుమీది లోహపు పూత కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, రీడింగు రోజురోజుకూ జారిపోతుంది. విరుగుడు తేలికే: కొలిచే క్షణంలోనే కరెంటిచ్చి వెంటనే ఆపేసేలా ప్రోగ్రామ్ రాయడం. రెండు, పొటాష్ ఎరువు వేసిన మట్టిలో లవణ అయాన్లు ఎక్కువై కరెంటు బాగా పారుతుంది, తేమ తక్కువున్నా సెన్సర్ ‘తడిగా ఉంది’ అంటుంది, మోటారు ఆడదు. మూడు, నల్లరేగడి ఎండి బీటలు వారితే కాళ్లకూ మట్టికీ మధ్య గాలి చేరుతుంది, లోపల తేమ ఉన్నా ‘ఎండిపోయింది’ అంటుంది.

ఇవి కనుక్కోవడానికి బడిలో ఉన్న సరంజామా సరిపోతుంది. పద్ధతి ప్రకారం మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఓవెన్ లేని బడిలో పల్చగా పరిచి, వరసగా రెండు రోజులు బరువు మారకుండా నిలిచేదాకా ఎండబెడితే పిల్లల ప్రయోగానికి చాలు. ఆరు డబ్బాల్లో 200 గ్రాముల చొప్పున మట్టి తూచి, వరసగా 0, 10, 20, 30, 40, 50 గ్రాముల నీళ్లు కలపాలి. అంటే పొడిమట్టి బరువులో 0 నుంచి 25 శాతం దాకా తేమ. మూతపెట్టి ఒక రాత్రి ఉంచితే తేమ సమంగా పరుచుకుంటుంది. ప్రతి డబ్బాలో సెన్సర్ గుచ్చి, తీసి, తుడిచి, మళ్లీ గుచ్చి మూడు రీడింగులు రాయాలి. ఎర్ర చల్కకు ఒకసారి, నల్లరేగడికి ఒకసారి, చిటికెడు పొటాష్ కలిపిన మట్టికి ఇంకోసారి. మూడు గీతలున్న గ్రాఫ్ తయారవుతుంది. ఆ గ్రాఫ్ తెచ్చిన పిల్ల దగ్గర మోటారు, పైపు, ప్లాస్టిక్ పొలం బొమ్మ ఏవీ లేకపోయినా, మొదటి బహుమతికి పోటీలో ఉండాల్సిన పిల్ల ఆమే.

అంధుల చేతికర్ర, స్మార్ట్ డస్ట్‌బిన్ రెండిట్లోనూ ఉండేది అల్ట్రాసోనిక్ సెన్సరే, ఎక్కువగా హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే రకం. మనకు వినబడని ధ్వనిని పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. కాగితం మీద దాని పరిధి 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్లు, చూసే కోణం దాదాపు 15 డిగ్రీలు. నున్నటి గోడ ఎదురుగా ఉంటే బాగానే చెబుతుంది. గోడ ఏటవాలుగా ఉంటే ధ్వని పక్కకు పోతుంది, తిరిగి రాదు. మందపాటి గుడ్డ ధ్వనిని పీల్చేస్తుంది. చేతికర్రకు అసలు ముప్పు గోడ కాదు, కాలి కింద గుంత, మెట్టు. ముందుకు చూసే సెన్సర్‌కు అవి కనబడవు. ఇంకొకటి, ప్రోగ్రామ్‌లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసేస్తారు. అది 20 డిగ్రీల గాలికి వర్తించే అంకె. మన మే నెలలో 42 డిగ్రీలుంటే వేగం దాదాపు 357 మీటర్లకు చేరుతుంది. అప్పుడు 2 మీటర్ల దూరంలో ఉన్న గోడను పరికరం 1.92 మీటర్లని చూపుతుంది. చేతికర్రకు ఈ 8 సెంటీమీటర్లు పెద్ద లెక్క కాదు. ట్యాంకులో నీటి మట్టం కొలిచే ప్రాజెక్టుకు లెక్కే. ఈ తేడా ఎక్కడ పట్టించుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో చెప్పగలిగిన పిల్లాడికి ఆ పరికరం అర్థమైనట్టే. తీర్పరి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఒకటి, రెండు, మూడు మీటర్ల దగ్గర పదేసి సార్లు కొలిచావా? గోడకీ చీరకీ ఏటవాలు అట్టకీ వేర్వేరుగా రాశావా?’

అడుగులతో కరెంటు తీసే పలకకు ఒక చిన్న గుణకారం చాలు. 60 కిలోల మనిషి పలకను 5 మిల్లీమీటర్లు కిందికి నొక్కితే చేసే పని 60 × 9.8 × 0.005, అంటే దాదాపు 3 జౌల్స్. సెకనుకు రెండడుగులు వేస్తూ, ఒక్క జౌల్ కూడా వృథా కాకపోతే 6 వాట్లు. అంతకు మించి రాదు. బల్లమీద అతికించిన పియెజో బిళ్లలు (నొక్కితే కాస్త కరెంటు పుట్టించేవి) ఇచ్చేది ఇందులో అతి చిన్న భాగం, అడుగుకు మిల్లీజౌల్స్‌లో ఉంటుంది. ‘బస్టాండుకంతా వెలుగు’ అని చార్టు మీద రాసిన పిల్లలను తిట్టక్కర్లేదు, ఈ లెక్క వాళ్లచేతే చేయించాలి. చేసి ‘మా పలక ఇందులో ఇంత శాతమే ఇచ్చింది’ అని కొలిచి చెప్పిన బృందానికి మంచి మార్కులు రావాలి. మోటారుకు జనరేటర్ తగిలించి ‘ఉచిత విద్యుత్తు’ అనే ప్రాజెక్టు మాత్రం ఇప్పటికీ కొన్ని చోట్ల బహుమతి కొడుతోంది. సిగ్గుపడాల్సింది పిల్లలు కాదు, తీర్పరులు. బ్యాటరీ తీసేయమనండి, ఎన్ని సెకన్లు తిరుగుతుందో చూడండి. తర్వాత లోపలికి వెళ్లే వోల్టేజీ, కరెంటు, బయటికొచ్చే వోల్టేజీ, కరెంటు నాలుగూ మల్టీమీటర్‌తో కొలిపించండి. నాలుగు అంకెల్లోనే శక్తి నిత్యత్వ నియమం కనబడుతుంది.

జీవామృతం ప్రాజెక్టులు మన జిల్లాల్లో చాలా వస్తాయి. వాటిలో నిజమైన పరిశోధనకు చోటుంది, అందుకే వీటి దగ్గర కాస్త ఆగాలి. మామూలుగా రెండు కుండీలు తెస్తారు, ఒకటి ఏపుగా, ఇంకోటి వాడిపోయి. రెండు మొక్కల తేడా దేనికీ రుజువు కాదు. గింజలోనే తేడా ఉండొచ్చు, కిటికీ పక్కన ఉన్నదానికి ఎండ ఎక్కువ తగిలి ఉండొచ్చు. ఒక్కో గుంపులో కనీసం పది మొక్కలు ఉండాలి, ఒకే రోజు నాటినవి. కుండీల చోటు వారానికోసారి మార్చాలి. కుండీ మీద ‘జీవామృతం’ అని రాయకుండా అంకెలు మాత్రమే రాసి, ఏ అంకె దేనిదో తెలియని వేరే పిల్లాడి చేత ఎత్తు కొలిపించాలి. లేకపోతే ఇష్టమైన మొక్కను కొలిచేటప్పుడు స్కేలు దానంతటదే కాస్త పైకి జరుగుతుంది. ఇక ప్రశ్నలో పదును ఎక్కడుందంటే, మిశ్రమంలో పనిచేసేది ఏది? 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అన్నది అందరూ చెప్పే లెక్క. దీన్ని రెండు లీటర్లకు కుదిస్తే 100 గ్రాముల పేడ, 100 మిల్లీలీటర్ల మూత్రం, 20 గ్రాముల చొప్పున బెల్లం, పిండి. ఒక గుంపుకు అన్నీ, ఒక గుంపుకు బెల్లం లేకుండా, ఒక గుంపుకు పేడనీళ్లే, ఒక గుంపుకు ఉత్త నీళ్లు. నాలుగు గుంపులకూ పోసే నీటి కొలత సమానంగా ఉండాలి. నలభై మొక్కలు, ఆరు వారాలు, బడి ఆవరణ. ‘బెల్లం ఉన్నా లేకపోయినా మాకు తేడా కనబడలేదు’ అని తేలితే అదీ ఫలితమే, దానికీ బహుమతి అర్హత ఉంటుందని సర్క్యులర్‌లోనే రాయండి. రాయకపోతే పిల్లలు, వాళ్లకంటే ముందు గైడ్ టీచర్లు, తేడా లేనిచోట తేడా పుట్టిస్తారు.

ఇక పట్టిక. వంద మార్కులకు మా ప్రతిపాదన ఇది: ప్రశ్న స్పష్టంగా ఉందా అన్నదానికి 10, పద్ధతికి 20, కొలతలకూ మళ్లీ మళ్లీ చేసి చూసినదానికి 25, పరిమితులు, విఫలమైన ప్రయత్నాలు, వాటి కారణాలు చెప్పినందుకు 15, పిల్లతో ముఖాముఖికి 20, వస్తువు పనితనానికి 10. అంకెలు అటూ ఇటూ కావొచ్చు. పనితనం పదికి మించకూడదు, కొలతలు ఇరవైకి తగ్గకూడదు, ఈ రెండు చోట్ల మాత్రం పట్టుబడతాం. అమెరికాలో ఏటా జరిగే బడిపిల్లల అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ప్రదర్శన ఐఎస్‌ఈఎఫ్ పోటీలో సైన్స్ ప్రాజెక్టులకు పరిశోధన ప్రశ్నకు 10, పద్ధతికి 15, ప్రయోగానికీ విశ్లేషణకూ 20, సృజనకు 20, ప్రదర్శనకు 35 మార్కులు. ఆ 35లో పోస్టరుకు 10, మిగతా 25 తీర్పరులతో ముఖాముఖికే. యంత్రం అందంగా ఉందా అనే వరస అందులో లేదు.

నోట్‌బుక్ లేకుండా ఈ పట్టిక నడవదు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు లాగ్‌బుక్ పెట్టే అలవాటు ఎప్పటినుంచో ఉంది, దాన్నే జిల్లా ప్రదర్శనకు తెచ్చుకోవచ్చు. నూరు పేజీల లాంగ్‌బుక్ చాలు. మొదటిరోజే పేజీల నంబర్లు వేసి, హెడ్‌మాస్టర్ మొదటి పేజీ మీద తేదీతో సంతకం, బడి ముద్ర వేయాలి. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, వైట్‌నర్ వాడకూడదు, పేజీ చించకూడదు. ప్రదర్శనకు కనీసం ఎనిమిది వారాల ముందు మొదటి నమోదు ఉండాలి.

దీన్నీ దొంగగా రాసి తెస్తారని మాకు తెలుసు. పసిగట్టడం అంత కష్టం కాదు. రెండు నెలల నోట్‌బుక్ అంతా ఒకే పెన్ను, ఒకే ఒరవడి, ఒక్క కొట్టివేత లేకపోతే అనుమానించాలి. మిల్లీమీటర్ స్కేలుతో కొలిచామంటూ అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగిస్తే, అవి కొలిచినవి కావు, ఊహించి రాసినవి. ఆదివారాలు, పండగ సెలవుల్లో కూడా బడిలో రీడింగులు తీసినట్టుంటే అడగాలి. అన్నిటికంటే మేలైన పరీక్ష ఒకటుంది: మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి ‘ఈ రోజు ఏం జరిగింది? ఈ అంకె ఎందుకు మిగతావాటికి దూరంగా ఉంది?’ అనడం. చేసిన పిల్లకు ఆ రోజు గుర్తుంటుంది, ‘ఆవేళ కరెంటు పోయింది సార్’ అంటుంది. చేయని పిల్లాడు మొదటినుంచి ఉపన్యాసం మొదలుపెడతాడు.

నోట్‌బుక్ చివరి పేజీలో ఎవరి సాయం ఏమిటో రాయించండి. ‘సోల్డరింగ్ మా బాబాయి చేశాడు. ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో దొరికింది, అందులో ఈ మూడు వరసలు మేం మార్చాం. గ్రాఫ్ టీచర్‌గారు నేర్పారు.’ ఇలా రాసినందుకు ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు. దాచి, ముఖాముఖిలో బయటపడితే తగ్గించాలి. సాయం తీసుకోవడం ఏ ప్రయోగశాలలోనైనా ఉండేదే.

తీర్పరుల సమయం లెక్క చూడండి. ఒక జిల్లాలో 200 ప్రాజెక్టులు, ఆరుగురు తీర్పరులు, పని గంటలు ఐదు అనుకుందాం. మొత్తం 1,800 నిమిషాలు. ఒక్కో ప్రాజెక్టును ముగ్గురు చూడాలంటే 600 సందర్శనలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు. ప్రారంభోత్సవం, శాలువాలు, వక్తల ప్రసంగాలు పోగా మిగిలేది అందులో సగం. ఇన్ని నిమిషాల్లో నోట్‌బుక్ తెరవడం కాదు, పిల్ల పేరు వినడం కూడా కుదరదు. అందుకని రెండు అంచెలు పెట్టండి. వారం ముందే ప్రతి ప్రాజెక్టు నుంచి రెండు పేజీల నివేదిక, నోట్‌బుక్‌లోంచి మూడు పేజీల ఫొటోలు తెప్పించుకుని, తీర్పరులు ఇంటి దగ్గరే చదివి నలభై ఎంచాలి. ప్రదర్శన రోజు ఆ నలభైని ముగ్గురేసి తీర్పరులు, పదిహేనేసి నిమిషాలు చూస్తారు: 40 × 3 × 15, అదే 1,800 నిమిషాలు. మనుషులు పెరగలేదు, గంటలు పెరగలేదు. మిగతా 160 మంది దగ్గరికి దగ్గర్లోని డిగ్రీ, పీజీ కాలేజీల ఎమ్మెస్సీ విద్యార్థులను పంపండి. వాళ్లు మార్కులు వేయరు. ‘ఇది బాగుంది, ఇది మళ్లీ కొలిచి చూడు’ అని కార్డు మీద రెండు వాక్యాలు రాసి పిల్ల చేతికిస్తారు. ప్రారంభోత్సవాన్ని రెండో రోజుకు జరిపితే తీర్పరులకూ ఊపిరాడుతుంది, వచ్చే పెద్దలకూ చూడటానికి తీరిక దొరుకుతుంది.

తీర్పరులందరి చెయ్యీ ఒకేలా ఉండదు. ఒకాయన సగటున 78 వేస్తాడు, ఇంకో ఆవిడ సగటు 55. ఆయన 80 వేసిన ప్రాజెక్టు ఆయన లెక్కలో సగటుకు రెండే ఎక్కువ. ఆవిడ 66 వేసిన ప్రాజెక్టు పదకొండు ఎక్కువ. మార్కులు నేరుగా కూడితే మొదటిది గెలుస్తుంది, న్యాయంగా గెలవాల్సింది రెండోది. ప్రతి తీర్పరి మార్కుల్లోంచి వారి సగటు తీసేసి, మిగిలిన తేడాలనే కూడండి. ఎక్సెల్‌లో ఒక నిలువు వరస పని. ఒక్కో తీర్పరి కనీసం పన్నెండు ప్రాజెక్టులైనా చూస్తేనే, అవీ కలగలుపుగా పంచితేనే ఈ సవరణకు అర్థం ఉంటుంది. ఒకే మండలం ప్రాజెక్టులన్నీ ఒకే తీర్పరికి ఇస్తే ఏ లెక్కా కాపాడదు. సొంత బడి, బంధువుల పిల్లలు ఉంటే ఆ తీర్పరి తప్పుకోవాలని వేరే చెప్పక్కర్లేదు, కానీ కాగితం మీద సంతకం తీసుకోండి.

పిల్ల ఏ భాషలో ఆలోచించిందో ఆ భాషలోనే చెప్పనివ్వండి. తెలుగు, ఉర్దూ, కోయ, గోండి ఏదైనా సరే. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన మూడు నిమిషాల ప్రసంగం వినడం వల్ల తీర్పరికి తెలిసేది జ్ఞాపకశక్తి మాత్రమే. ఈ విషయంలో ప్రైవేటు బడుల యాజమాన్యాలకు కోపం రావొచ్చు, రానివ్వండి.

లెక్కల సంగతి సైన్స్ ప్రదర్శనలో మరీ అన్యాయం. గణితం విభాగానికి వచ్చేవి పైథాగరస్ సిద్ధాంతం చెక్క నమూనా, లైట్లు వెలిగే ఎక్కాల బోర్డు. డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవానికేమో రామానుజన్ పుట్టిన ఊరు, తేదీ, ఆయన పేరుతో పిలిచే 1729 సంఖ్య అడిగే క్విజ్ పెడతాం. ఇంకోవైపు ‘ఫౌండేషన్’ ర్యాంకుల ఫ్లెక్సీలు ఊరంతా ఉంటాయి. ఈ రెండిటి మధ్య, ఒక లెక్కను వారం రోజులు పట్టుకుని కూర్చునే పిల్లను ఎవరూ చూడరు. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం నడిపించే గణిత ఒలింపియాడ్ దారి ఉంది. దాని తొలి మెట్టు అయిన అర్హత పరీక్ష ఐఓక్యూఎంలో 30 ప్రశ్నలకు అంకెల జవాబు గుర్తిస్తే చాలు, దారి చూపక్కర్లేదు. చివరి మెట్టు అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో ఒక్కో లెక్కకు 7 మార్కులు, సగం దూరం సరిగ్గా వెళ్లినవారికీ అందులో వాటా ఉంటుంది. ఆ చివరి మెట్టు పద్ధతిని జిల్లా ప్రదర్శనకు తెచ్చుకుందాం.

ఉదాహరణకు మెలికల ముగ్గు. చుక్కలు వరసలుగా, నిలువుగా పెట్టి, ప్రతి చుక్క చుట్టూ తిరుగుతూ ఏటవాలుగా సాగి, అంచు దగ్గర మలుపు తిరిగే గీత. రెండు వరసల్లో మూడేసి చుక్కలు పెడితే చెయ్యెత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. రెండు వరసల్లో నాలుగేసి పెడితే ఒక గీత మొదలైనచోటికే వచ్చేస్తుంది, ఇంకా చుక్కలు మిగులుతాయి, రెండో గీత కావాలి. మూడు వరసల్లో మూడేసి పెడితే మూడు గీతలు. ఐదు వరసల్లో ఏడేసి పెడితే మళ్లీ ఒకటే. పిల్లలు ఇరవై ముగ్గులు గీసి పట్టిక వేస్తే, గీతల సంఖ్య రెండు అంకెల గ.సా.భా. అని వాళ్లకే కనబడుతుంది. అప్పుడు తీర్పరి అడగాలి: ‘పన్నెండు వరసల్లో పద్దెనిమిదేసి చుక్కలు పెడితే?’ 216 చుక్కలు గీయకుండానే ‘ఆరు’ అన్న పిల్లకు సూత్రం చేతికొచ్చినట్టు. ‘ఎందుకు?’ అన్నదానికి అంచు దగ్గర మలుపు తిరిగే గీతను అద్దంలో విప్పినట్టు నిటారుగా చాచి చూపిస్తే, అది తొమ్మిదో తరగతి స్థాయిలో మంచి నిరూపణ. సందు చుక్కలు పెట్టిన ముగ్గులో ఇదే సూత్రం నిలుస్తుందా అన్నది వచ్చే ఏడాది ప్రాజెక్టు. ముగ్గుపిండి తప్ప ఖర్చు లేదు. గణిత విభాగంలో నమూనా తప్పనిసరి అన్న నిబంధన తీసేసి, ‘పట్టిక, ఊహ, పరీక్ష, నిరూపణ ప్రయత్నం’ ఉన్న నాలుగు పేజీలు తెచ్చినా తీసుకుంటామని రాయండి.

ప్రశంసాపత్రం మీద ఇప్పుడు పిల్ల పేరు, బడి పేరు, ‘పాల్గొన్నందుకు’ అనే మాట ఉంటాయి. పదేళ్ల తర్వాత చూస్తే తానే ఏం చేశానో తెలియదు. దాని బదులు ఒక్క వాక్యం అచ్చువేయండి: ‘ఎర్ర చల్క, నల్లరేగడి నేలల్లో తేమ సెన్సర్ రీడింగులు ఎంత తేడాగా వస్తాయో ఆరు తేమ స్థాయిల్లో కొలిచి, పొటాష్ కలిసినప్పుడు సెన్సర్ పొరబడుతుందని చూపారు.’ వాక్యం తీర్పరి రాస్తాడు, పిల్ల చదివి ఒప్పుకుంటుంది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, ముందురోజే పిల్ల చేత సరిచూయించండి. షీల్డుల ఖర్చు సగానికి తగ్గించి డిజిటల్ మల్టీమీటర్, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, థర్మామీటర్ ఇవ్వండి. షీల్డు హెడ్‌మాస్టర్ గది బీరువాలోకి వెళ్తుంది, మల్టీమీటర్ ఇంటికి వెళ్తుంది.

ఇన్‌స్పైర్-మానక్‌కు ఎంపికైన ఆలోచనకు వచ్చే పది వేల రూపాయలు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి. వాడకం లేక ఖాతా ఆగిపోయినా, ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాస్‌బుక్‌లో ఇంకొకటి ఉన్నా డబ్బు పడదు. నామినేషన్ వేసిన రోజే ఖాతాలో చిన్న మొత్తం వేసి, తీసి చూడమని ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. డబ్బు వచ్చాక దానితో కొన్న సామాను రసీదులు అదే నోట్‌బుక్‌లో అంటించాలి.

బహుమతి తర్వాత ఏమిటన్నది ఇంకో లేఖకు సరిపడా సంగతి. ఒక్క ఉదాహరణ చాలు: గద్వాల ప్రాంతంలో వేరుశనగ పొట్టుతో మొక్కల కుండీలు చేయాలన్న బడి ఆలోచన నిలిచిందంటే, హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ (కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసే తెలంగాణ ప్రభుత్వ కేంద్రం) దానికి యంత్రం రూపొందించి ఇచ్చినందుకే. ప్రతి ఆలోచనకూ అంత సాయం దొరకదు. మొదటి పది ప్రాజెక్టులను మాత్రం దగ్గర్లోని పాలిటెక్నిక్‌కో, కృషి విజ్ఞాన కేంద్రానికో, అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడికో జతచేస్తూ మీ సంతకంతో ఒక ఉత్తరం వెళ్తే, ఆ పిల్ల అక్కడి త్రాసు, ఓవెన్, లేత్ మిషన్ వాడుకోగలుగుతుంది. ఆరు నెలల తర్వాత ఏమైందో జిల్లా సైన్స్ అధికారి ఒక పేజీ రాయాలి.

తేదీల మాట. ప్రదర్శన నవంబర్, డిసెంబర్‌లో అనుకుంటే కొత్త మార్కుల పట్టిక ఆగస్టు మొదటి వారానికల్లా ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద ఉండాలి. సర్క్యులర్ పది రోజుల ముందు వస్తే నోట్‌బుక్ నిబంధన కాగితం మీదే ఉంటుంది, గైడ్ టీచర్ రాత్రికి రాత్రి కోఠి బస్సెక్కుతాడు. అన్ని జిల్లాల్లో ఒకేసారి కుదరకపోతే ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లాల్లో పెట్టి చూడండి. ఆ జిల్లాల తీర్పరులకు ఒక పూట శిక్షణ ఇవ్వడానికీ, పైన చెప్పిన ప్రయోగాలు వాళ్లచేత చేయించడానికీ మేం సిద్ధంగా ఉన్నాం. కావాల్సింది ఒక గది, నాలుగు ప్లగ్ పాయింట్లు, రెండు బస్తాల మట్టి.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల్లో బడిపిల్లల సైన్స్, గణిత ప్రాజెక్టులకు తీర్పరులుగా, గైడ్‌లుగా పనిచేస్తున్న కొందరు ఉపాధ్యాయులు